మూడు రంగుల కూనను ఎప్పుడు తెచ్చుకోవాలి?

ప్రశ్న: మాది కడప. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మావారికి బట్టల అంగడి ఉంది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఒక ఆపా (ముస్లిం అక్కగారు), బుగ్గవంక వాగు గట్టున తల్లి లేకుండా దొరికిన మూడు పిల్లికూనలను తెచ్చి మూడు వారాలుగా సాకుతున్నారు. వాటిలో తెలుపు, నలుపు, ఎరుపు మచ్చలున్న మగకూన ఎవరు వెళ్లినా జంకకుండా వచ్చి ఒళ్లో కూర్చుంటోంది. దానికి నెలన్నర వయసు ఉంటుందని ఆమె అంచనా. వచ్చే ఆదివారం మా పాపకు తొమ్మిదేళ్లు నిండుతాయి. ఆ రోజు చెప్పకుండా కూనను తెచ్చి పాప చేతిలో పెట్టాలని మా ఆశ. మూడు వారాల తర్వాత బెంగళూరులో మా మరిది పెళ్లి ఉంది, వారం రోజులు ఇంటికి తాళం వేసి వెళ్తాం. మా అత్తగారు మాంసం, గుడ్డు ముట్టరు, పైగా పిల్లి ఇంట్లో తిరగడం అరిష్టమంటున్నారు. ఇప్పుడు ఇంత మచ్చికగా ఉన్న కూన పెద్దయ్యాక మారిపోతుందా? మేము దీన్ని తెచ్చుకోవచ్చా?
— ఒక సోదరి, కడప

సమాధానం:

అమ్మా, తెచ్చుకోవచ్చు. అయితే ఈ ఆదివారం మాత్రం వద్దు. పెళ్లికి వెళ్లి వచ్చిన తర్వాత తెచ్చుకోండి, అది కూడా మీ అత్తగారు సరేనన్న తర్వాతే. ఇన్నేళ్లు పశువైద్యుడిగా పనిచేసి, ఇంట్లోనూ పిల్లుల్ని సాకిన అనుభవంతో ఈ రెండు షరతులు ఎందుకు పెడుతున్నానో వివరిస్తాను.

పిల్లి పుట్టుకతోనే ఇంటి జంతువని, నాలుగు మెతుకులు పెడితే చాలు మన వెంట తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి కూనా మనిషిని కొత్తగా నేర్చుకోవలసిందే, ఆ నేర్చుకునే అదును చాలా చిన్నది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతులు, గొంతులు, వాసన ఎరిగిన కూనకు మనిషి అంటే భయం ఉండదు. ఆ వారాలు గోడల సందుల్లో, గడ్డివాముల కింద గడిచిపోయిన కూనను మూడో నెలలో తెచ్చి ఎంత ప్రేమగా చూసినా, అది బుసకొట్టి బీరువా వెనక దాక్కోవడం మాని మన దగ్గరికి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి రానే రాదు. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే శాస్త్రవేత్త 1980ల నాటికే ఈ సంగతిని పరీక్షించి చూశారు. రోజుకు 15 నిమిషాలు చేతుల్లోకి తీసుకున్న కూనల కన్నా, 40 నిమిషాలు తీసుకున్నవి మనిషికి ఎక్కువ చేరువయ్యాయని ఆమె గమనించారు. వంక గట్టున దొరికిన కూనలకు మీ ఆపా సరిగ్గా ఆ అదునులోనే చేయి అందించారు. మీరు ఒళ్లో కూర్చునే గుణమని రాసినదంతా చాలామటుకు ఆమె చేతి చలవే.

పెద్దయ్యాక మారుతుందా అని అడిగారు. తండ్రి పిల్లి బెరుకుదైతే కూనలకూ ఆ బెరుకు కొంత వస్తుంది, వీధి కూన తండ్రి ఎవరో మనకు తెలియదు కాబట్టి ఆ లెక్క వదిలేద్దాం. ఆరేడు నెలల ప్రాయంలో ఏ పిల్లి అయినా ఒడి వదిలి కిటికీ పట్టుకుంటుంది. అది ఎదుగుదలే గాని మారిపోవడం కాదు. బాగా మచ్చికైన కూన మళ్లీ మనిషంటే భయపడుతోందంటే, కొత్త ఇంట్లో మొదటి వారాల్లో ఏదో గట్టిగా బెదరగొట్టి ఉంటుంది. నేను పుట్టినరోజు వద్దంటున్నది అందుకే. ఇరవై మంది పిల్లలు, బుడగలు పగిలే చప్పుడు, ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడం, ఇవన్నీ తోబుట్టువులను విడిచి వచ్చిన తొలి పూటే ఎదురైతే కూన మీ ఇంటిని ఆ చప్పుడుతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత మూడు వారాలకు, అంటే అది మీకు అలవాటు పడుతున్న వేళకు, మీరు తాళం వేసి బెంగళూరు వెళ్తారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని సామెత. ఈ కూనను మాత్రం మనుషులే వంక గట్టు నుంచి ఆపా ఇంటికి, అక్కడి నుంచి మీ ఇంటికి, మీరు ఊరెళితే మరొకరి ఇంటికి తిప్పినట్టవుతుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ఏడో వారంతో అదును ముగుస్తుందంటున్నారు, మరి పదో వారం దాకా ఆగమంటారేమిటని. కూన నేర్చుకోవలసింది మనుషులను, మీ ఇంటి గోడలను కాదు. ఆ చదువు ఆపా ఇంట్లో ఎలాగూ సాగుతోంది, మీరే అక్కడికి వెళ్లి అందులో చేరండి. పైగా తల్లి లేని కూనలకు తోబుట్టువులే గురువులు. ఆటలో గట్టిగా కొరికితే అవతలి కూన కీచుమని ఆట ఆపేస్తుంది, అలా నాలుగు సార్లు జరిగాక పళ్లు ఎంత బిగించాలో దీనికి తెలుస్తుంది. పాలసీసాతో ఒంటరిగా పెరిగిన కూనలు చాలాసార్లు చేతులు, మడమలు పట్టి కొరికే పిల్లులవుతాయి. తల్లి ఉన్నా లేకపోయినా, ఎనిమిది వారాల లోపు కూనను తోబుట్టువుల నుంచి విడదీయకూడదు, పది పన్నెండు వారాలైతే ఇంకా మంచిది. మీ పెళ్లి ప్రయాణం అయ్యేసరికి కూనకు ఇంచుమించు పది వారాలు నిండుతాయి. ముహూర్తం దానంతటదే కుదిరింది.

ఆదివారం నాడు పాపను వెంటబెట్టుకొని ఆపా ఇంటికి వెళ్లండి. కూన తనకే వస్తుందని, అయితే ఇంకో నెల ఆగాలని అక్కడే చెప్పండి. తర్వాత రెండు రోజులకొకసారి, ఎండ తగ్గాక, అరగంట సేపు వెళ్లి రండి. పాపకు నేర్పవలసింది ఒక్కటే: నేల మీద కూర్చోవాలి, కూన మీదికి చేయి చాపకూడదు. చూపుడు వేలు కూన ముక్కు ఎత్తున ఒక జానెడు దూరంలో కదలకుండా ఉంచాలి. కూన మెడ చాచి వేలి కొసను వాసన చూస్తుంది, తర్వాత నోటి పక్క భాగాన్ని ఆ వేలికి రుద్దుతుంది. అప్పుడు చెంప మీద, చెవి వెనక నిమరవచ్చు. తోక నిటారుగా లేపి, కొసను కొక్కెంలా కొద్దిగా వంచుకొని వస్తుంటే సంతోషంగా ఉందన్నమాట. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, రెండో చేయి వెనక కాళ్ల కింద ఉండాలి. మార్జాల కిశోర న్యాయమని పెద్దలు చెప్పే మాట విని మెడ పట్టుకొని ఎత్తేవాళ్లున్నారు. ఆ న్యాయంలో మెడ పట్టుకునేది తల్లి, అదీ కూన చంటిదిగా ఉన్న కొన్ని వారాలే. బరువు పెరిగిన కూనను మనం అలా వేలాడదీస్తే నొప్పి, భయం తప్ప మరేమీ ఉండవు.

అక్కడ ఉన్నప్పుడే కొన్ని సంగతులు మీరు చూడండి. ఆపా ఒక్కరికే అలవాటైందా, మగవాళ్లు, పిల్లలు, బురఖా వేసుకున్నవాళ్లు, హెల్మెట్‌తో వచ్చినవాళ్లు, ఎవరు వచ్చినా అలాగే ఉంటుందా అని అడగండి. కుక్కర్ ఈలకు, మిక్సీ మోతకు ఏం చేస్తుందో కనుక్కోండి. మీరే నాలుగడుగుల దూరంలో తాళంచెవుల గుత్తి నేలకు జారవిడవండి. ఉలిక్కిపడడం తప్పు కాదు, ఉలిక్కిపడకపోతేనే చెవులు వినిపిస్తున్నాయా అని చూడాలి. ఎంతసేపట్లో తేరుకుందన్నదే ముఖ్యం. పది లెక్కపెట్టేలోగా తిరిగి వచ్చి ఆ గుత్తినే వాసన చూసే కూన మీ ఇంట్లో దేనికైనా అలవాటు పడుతుంది.

కదలకుండా ఒళ్లో పడుకున్న కూనను చూసి మాత్రం తొందరపడి మురిసిపోవద్దు. చాలా ఏళ్ల కిందట నేను ఈ పొరపాటు చేశాను. ఒక మందలోంచి అన్నిటికన్నా నెమ్మదైనదాన్ని ఎంచి, ఎంత సాధువో చూడండి అంటూ బంధువుల ఇంటికి ఇచ్చాను. అది సాధుత్వం కాదు, జ్వరం. మూడో రోజున వాంతులతో పోయింది. ఆ ఇంటివాళ్లు ఏడుస్తుంటే ఓదార్చలేక రెండు నెలలకు మరో కూనను ఇచ్చాను, అదీ అలాగే పోయింది. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బును కలిగించే వైరస్ గచ్చుల్లో, గుడ్డల్లో ఏడాది దాకా బతికి ఉండగలదు. సాధారణంగా వాడే సబ్బులకు చావదు, బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. తెలిసి ఉండాల్సినవాణ్ణి, బంధుప్రీతిలో మరిచాను. ఆరోగ్యంగా ఉన్న కూన ఒళ్లో ఐదు నిమిషాలు కూర్చుంటే పది నిమిషాలు మీ చీర కుచ్చిళ్లతో కుస్తీ పడుతుంది. అల్లరి లేదంటే అనుమానించండి. ఆపా ఇంట్లో గాని మీ ఇంట్లో గాని ఈ ఏడాదిలో కూన ఏదైనా చనిపోయిందేమో అడిగి తెలుసుకోండి.

కూనను వెలుతురులోకి తీసుకొని చూస్తే మిగతాది మీకే తెలుస్తుంది. కంటి మూలలో తెల్లటి పొర సగం దాకా కప్పుకొని ఉండకూడదు, ముక్కు కారకూడదు. చెవుల్లో కాఫీ పొడి చల్లినట్టు నల్లగా కనిపిస్తే అవి చెవి పురుగులు, మందుకు తగ్గిపోతాయి. ఒళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉంటే నులిపురుగులు. గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చ ఉంటే తామర కావచ్చు, అది పాపకు కూడా అంటుతుంది కాబట్టి అది తగ్గేదాకా ఎత్తుకోనివ్వకండి. కళ్లు ఇంకా నీలంగానే ఉంటే కూనకు ఆరేడు వారాలు దాటలేదని ఒక గుర్తు. వంటింటి కాటా మీద డబ్బాలో పెట్టి తూచండి. నెలన్నర కూన 600 నుంచి 700 గ్రాములు, రెండు నెలలకు 800 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటుంది, వారానికి ఇంచుమించు 100 గ్రాములు పెరగాలి. ఈ లెక్క నోటుపుస్తకంలో రాసే పని మీ పాపకు అప్పగించండి. ఎత్తుకోవడానికి పోటీపడే వయసులో చేతికి ఒక పని ఉండడం కూనకూ మంచిదే.

మీరు మగకూన అని రాశారు. మూడు రంగులున్నాయంటే అది దాదాపు తప్పకుండా ఆడకూనే. ఎరుపును, నలుపును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండు రంగులూ ఒకే ఒంటి మీద రావాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, మగదానికి ఉండేది ఒకటే. ఎక్కడో అరుదుగా మూడు రంగుల మగది పుట్టినా దానికి సాధారణంగా సంతానం కలగదు. ఇది వింత కోసం చెప్పిన సంగతి కాదు. ఆడకూన ఐదో నెలకే ఎదకు రావచ్చు, చూలు తొమ్మిది వారాలు, ఈతకు నలుగురైదుగురు. అంటే వచ్చే వేసవికి బుగ్గవంక గట్టున దొరకబోయే కూనల తల్లి మీ ఇంటి పిల్లే కావచ్చు. కనుక ఐదారు నెలల వయసులో గర్భసంచి తీసే శస్త్రచికిత్స చేయించాలని ఇప్పుడే నిశ్చయించుకోండి. ఒక ఈత అయ్యాక చేయిస్తే మంచిదనే మాటకు ఆధారం లేదు. కడపలో ఆ సౌకర్యం కుదరకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళ్లేముందు పిల్లులకు ఏ రోజుల్లో చేస్తారో కనుక్కొని వెళ్లండి. రంగుల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక మాట. వేసవిలో చేలల్లో, చెరకు తోటల్లో బూడిద రంగు కూనలు, తోక కొసన నల్లని కట్లతో, దొరికాయని తెచ్చుకునేవారున్నారు. అవి జంగుపిల్లి కూనలు కావచ్చు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టడమూ పెంచడమూ నేరం. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, ఉన్నచోటే వదిలేయాలి.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. మీరు బడికి, మీవారు అంగడికి, పాప స్కూలుకు వెళ్లాక పగలంతా కూనతో ఉండేది ఆమె. మీరు దాన్ని పాప పిల్లి అనుకుంటున్నారు గాని, నా లెక్కలో అది ఆమె పిల్లి. ఆమెకు ఇష్టం లేకుండా తెస్తే తలుపు తీసి బయటికి తోలడమో, తోలలేక రోజంతా చికాకు పడడమో జరుగుతుంది, రెండింటిలోనూ తప్పు ఆమెది కాదు. శకునాల మీద వాదనకు దిగకండి. పురిటి ఆరో నాడు కొలిచే షష్ఠీదేవికి పిల్లే వాహనమన్న సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే మెల్లగా గుర్తుచేయండి. ఆపా ఇంటికి ఒకసారి ఆమెను కూడా తీసుకెళ్లండి. పిల్లిని మైల జంతువుగా చూడని సంప్రదాయం ఆ ఇంటిది. నమాజు చాప పక్కన కూన నిద్రపోతుంటే చూసినప్పుడు కలిగే నెమ్మది మన వాదనలతో రాదు. పూజగది తలుపు ఎప్పుడూ మూసి ఉంచుతామని, కూన గిన్నెలు వంటింటి గిన్నెలతో కలపమని, కూన దొడ్డికి పోయే ఇసుక తట్ట శుభ్రం చేసే పని ఆమె మీద పడదని మీరు ముందే మాట ఇవ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. అప్పటికీ కాదంటే ఆగిపోండి. మూడు రంగుల కూనకు కడపలో మరో ఇల్లు దొరకకపోదు. అయితే ఒక చిత్రం చెప్పాలి. పిల్లి తన వైపు చూస్తూ, పిలుస్తూ, చేతులు చాచేవారికన్నా, తన మానాన తాను కదలకుండా కూర్చున్నవారి దగ్గరికే ముందు వెళ్తుంది. వద్దన్న అత్తగారి ఒడిలోకే పిల్లి చేరిన ఇళ్లు నేను చాలా చూశాను.

మాంసం ముట్టని ఇంట్లో పిల్లికి ఏం పెట్టాలన్నది దాటవేయకూడని విషయం. కుక్క పెరుగన్నంతో కొంతకాలం నెట్టుకొస్తుంది గాని పిల్లి నెట్టుకురాలేదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తనకు సరిపడా తయారుచేసుకోలేదు, అది మాంసంలో, చేపలో మాత్రమే తగినంత ఉంటుంది. అది కరువైతే కంటిచూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. గుండెకు, టారిన్‌కు ఉన్న ఈ ముడి 1987లో కాలిఫోర్నియాలోని పశువైద్యులు తేల్చింది. కాబట్టి పిల్లిని శాకాహారిగా పెంచడం సాధ్యం కాదు, ఆ మాట అత్తగారికి దాచకుండా చెప్పండి. మీ ఇంటికి కుదిరే దారి కూనల కోసం ప్రత్యేకంగా తయారైన క్యాట్ ఫుడ్. అందులోనూ మాంసమే ఉంటుంది గాని ఎండు గింజలు కాబట్టి వండే పని లేదు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వరండాలో పెట్టుకోవచ్చు. రోజుకు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. మొదటి రెండు వారాలు ఆపా ఏది పెడుతున్నారో అదే పెట్టి, తర్వాత వారం పది రోజుల మీద మెల్లగా మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగుతుందన్న సామెత ఉంది గాని, పాలు మరిచిన కూనలు చాలామటుకు ఆవుపాలు, గేదెపాలు అరిగించుకోలేవు. నీళ్లు చాలు, ఆ నీళ్ల గిన్నె మేత గిన్నెకు దూరంగా ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, చారు వేయకండి, అవి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి.

ఇంటిని సిద్ధం చేయడం పెద్ద పని కాదు. మొదటి వారం ఇల్లంతా అప్పగించకుండా ఒక చిన్న గది ఇవ్వండి. ఒక మూల మేత, ఎదురు మూల అంచు తక్కువగా ఉన్న ప్లాస్టిక్ తట్టలో నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక, దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టె. ఆపా ఇంట్లో వాడిన ఇసుక గుప్పెడు తెచ్చి కలిపితే ఆ తట్ట ఎందుకో దానికి చెప్పనక్కరలేదు. మంచం కిందికి, బీరువా వెనక్కి దూరే సందులు మూయండి, వాషింగ్ మెషిన్ తలుపు మూసే ముందు లోపల చూడండి, నీళ్ల సంపు మూత బిగించండి. ఇప్పటి ఎండల్లో మిద్దె మీదికి అసలు వెళ్లనివ్వకండి. కింద గదిలో పరచిన కడప బండ మీద పొట్ట ఆనించి పడుకుంటే దానికి అంతకన్నా చల్లటి చోటు లేదు. పిల్లి కుక్కలా నోరు తెరిచి ఆయాసపడుతోందంటే ఎండదెబ్బ అనుకొని తడిగుడ్డతో ఒళ్లంతా తడిపి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రాణం తీసేవి మూడు మన ఇళ్లలో ఎదురుగానే ఉంటాయి. మొదటిది జ్వరం మాత్ర. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒక్కటి చాలు, పెద్ద పిల్లి కూడా చనిపోతుంది. కూన వెచ్చగా ఉందని సగం మాత్ర నలిపి పోసినవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి నాలుక నీలంగా మారి ఉండేది. రెండోది ఫినాయిల్. తుడిచిన గచ్చు మీద నడిచి కాళ్లు నాక్కుంటుంది, ఆ విషాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కూన తిరిగే చోట సబ్బునీళ్లతో తుడవడం చాలు. మూడోది పూలు కట్టే దారం. సాయంత్రం మీ అత్తగారు అరుగు మీద కూర్చొని మల్లెలు కడుతుంటే దారం కొస నేల మీద పాకుతుంది, కూన దాన్ని పట్టుకుంటుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పిల్లి నాలుక మీది ముళ్లన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి కాబట్టి నోట్లో పడ్డ దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకొని మిగతాది పేగులోకి వెళితే పేగు కుచ్చిళ్లు పెట్టిన గుడ్డలా ముడుచుకుపోతుంది, కోసి తీయవలసిందే. నోట్లోంచి గాని వెనక నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి, అలాగే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. నులిపురుగుల మందు రెండు నెలల వయసు దాకా రెండు వారాలకొకసారి, ఆ తర్వాత ఆరో నెల దాకా నెలకొకసారి పట్టాలి. పాన్‌ల్యూకోపీనియాకు, రెండు రకాల జలుబు జబ్బులకు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల తేడాతో పదహారో వారం దాకా వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇప్పటిదాకా ఏ మందు ఏ తేదీన పడిందో ఆపాను అడిగి కాగితం మీద రాయించుకోండి, నోటిమాటగా వింటే మరిచిపోతారు. పాపకు గోరు గీసుకున్నా, పన్ను దిగినా చిన్నదే కదా అని ఊరుకోకుండా, ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు సబ్బుతో కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో చూపించండి, అక్కడ రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. టీకా పడని వయసులో, వీధిలో దొరికిన కూన విషయంలో ఎంత ముద్దుగా ఉన్నా ఈ జాగ్రత్తను సడలించకూడదు. చేతి వేళ్లతో కూనను ఆడించవద్దని కూడా పాపకు చెప్పండి. ఇవాళ వేలు కొరకడం ఆట అని నేర్పితే, ఆరు నెలలకు అదే పని పెద్ద కోరలతో చేస్తుంది. కర్రకు గుడ్డపీలిక గట్టిగా ముడివేసి, ఆట అయ్యాక అలమారలో పెట్టేయాలి.

మీరు అడగని మాట ఒకటి ఉంది. వీలైతే ఆ మూడింట్లో రెండో కూనను కూడా తెచ్చుకోండి. ఖర్చు పెరుగుతుంది, ఇసుక తట్టలు మూడు కావాలి, అత్తగారిని ఒప్పించడం ఇంకా కష్టమవుతుంది, ఇవన్నీ నాకు తెలుసు. కానీ పగలంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉండే మీలాంటి చోట జంటగా పెరిగే కూనలు ఒకదానితో ఒకటి ఆడి అలసిపోతాయి, మీ కాళ్లను, పరదాలను వదిలేస్తాయి. కుదరకపోతే ఒక్కటే చాలు, దాని కోసం పొద్దున పావుగంట, సాయంత్రం అరగంట ఆట కేటాయించగలిగితే కొరత ఉండదు. ఏదో ఒక రోజు పెంచలేమనిపిస్తే మాత్రం సంచిలో వేసి పెన్న అవతల వదలడం వంటి పని ఎవరు చెప్పినా చేయకండి. పెంచిన జంతువును అలా విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం, పైగా మనిషిని నమ్మడం నేర్చిన పిల్లికి వీధిలో అందరికన్నా ముందు ఆపద వస్తుంది. ఆపా తిరిగి తీసుకుంటారేమో ముందే మాట్లాడుకోండి.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు కాకుండా, సామాన్లు సర్దుకొని ఇల్లు కుదుటపడ్డాక, మీకు రెండు రోజులు సెలవున్న వారాంతంలో, పొద్దు వాలాక వెళ్లి తెచ్చుకోండి. బండి మీద ఒళ్లో పెట్టుకొని రావద్దు. మూత ఉన్న బుట్టలో గాని, గాలి రంధ్రాలు చేసి తాడు కట్టిన అట్టపెట్టెలో గాని పెట్టి ఆటోలో తీసుకురండి. వెళ్లేముందు మీది ఒక పాత నూలు చీర ముక్కను నాలుగు రోజుల ముందే ఆపాకు ఇచ్చి, కూనలు పడుకునే చోట పరచమనండి. దాన్నే బుట్టలో అడుగున వేసి తెచ్చి, గదిలో అట్టపెట్టెలో పెట్టండి. తోబుట్టువుల వాసన అందులోనే ఉంటుంది కాబట్టి మాసిందని ఎవరన్నా వారం దాకా ఆ గుడ్డను ఉతకకండి.